మూడు విత్తనాలకూ ఒకే రైతు

మా అన్న నా ఫోనుకు ఒక వీడియో పంపి, "గీ రైతును కలిసి అడుగు చెల్లె, నిజంగనే గంత పండిందా అని" అన్నాడు. నా ప్రయాణానికి కారణం అదే. జనగామ దగ్గర అన్నకు మూడెకరాల చెల్క, తేమ నిలవని ఎర్ర నేల. బోరు లేదు, వానే దిక్కు, ఏటా చేతికొచ్చేది పత్తి ఒక్కటే. బీటీయా, మామూలు హైబ్రిడా, సేంద్రియపు దేశీ విత్తనమా అని నెల రోజులు కొట్టుమిట్టాడి, వీడియోలోని తలపాగా రైతును చూసి బీటీ పాకెట్లు తెచ్చాడు. విత్తే ముందు ఆ రైతు నోట ఒక్క మాట వినాలని ఆశ.

ఆదివారం ఏడింటికి జనగామలో బస్సెక్కితే తొమ్మిదికి ఉప్పల్. మెట్రోలో మధురానగర్, అక్కడి నుంచి ఫిల్మ్‌నగర్‌కు ఆటో, బేరమాడితే వంద. వీడియో చివరి చిరునామా ఒక ప్రకటనల ఆఫీసుది. సినిమావాళ్లకు ఆదివారం ఉండదు కాబట్టి తెరిచే ఉంది. రైతు ఎక్కడుంటాడని అడిగితే మేనేజరు నవ్వాడు. "రైతేంటండీ! యాదయ్య, జూనియర్ ఆర్టిస్టు. పొద్దున బీటీకి, మధ్యాహ్నం హైబ్రిడ్‌కి, సాయంత్రం సేంద్రియానికి చేశాడండీ. తలపాగా మార్చామంతే." మిగతా రెండు వీడియోలూ చూపించాడు. అవే మీసాలు, అదే ఒట్టు: "నా చేన్ల వేసిందే చెప్తున్న." ఒళ్లు మండి యాదయ్య చిరునామా అడిగి తీసుకున్నాను.

ఆ కోపంతోనే కృష్ణానగర్‌కు దిగాను. ఇరుకు గది గడప మీద ఉల్లిగడ్డలు కోస్తున్న యాదయ్య, మా అన్న మీ వీడియో చూసి బీటీ తెచ్చాడనగానే తల దించుకున్నాడు. "మాది నల్లగొండ దిక్కమ్మా. పదేండ్లు పత్తే పెట్టిన. మీ అన్నది చెల్కనా, రేగడా?"

"చెల్క. బోరు లేదు."

"అయ్యో, గా విత్తనం ఒద్దను. చాన దినాలకు కాస్తది, వానలు ఆగితే చెల్కల నిలవది. జల్ది చేతికొచ్చేది చూడమను."

అక్కడే నిలబడి అన్నకు ఫోన్ చేశాను. "నిన్న మంచి వాన పడ్డది చెల్లె," అన్నాడు సంబరంగా. "పదును పోతదని పొద్దుగాల్నే మూడెకరాలు పెట్టించిన." యాదయ్య మాట చెప్పకుండానే ఫోన్ పెట్టేశాను.

అన్న అడిగింది బుధవారం. సెలవు ఎందుకు దండగని ఆదివారం దాకా ఆగింది నేనే. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియడం లేదు. విత్తనం గురించి వాకబు చేయాలనుకుంటే మీరింత దూరం రావద్దు. మీలాంటి నేలే ఉన్న పక్క ఊరి రైతు దగ్గరికి, అతని చేను కాపు మీదున్నప్పుడు వెళ్లండి. సలహా చెప్పే ముందు మీ నేల ఏదని అడిగినవాడినే నమ్మండి. మా అన్న నేల గురించి అడిగిన మొదటి మనిషి యాదయ్య, అదీ విత్తనం మట్టిలో పడ్డాక.