కాలువ కట్టేసిన మర్నాడు

మా ఊళ్లో బాప్తిస్మాలు కాలువలోనే ఇస్తారు. ఏటా ఎండలు ముదిరేసరికి డెల్టా కాలువలకు నీళ్లు ఆపేస్తారు కాబట్టి, ఆలోగా తీసుకోనివాళ్లు మళ్లీ నీళ్లు వదిలేదాకా ఆగాల్సిందే. ఆ ఏర్పాటు నాకు తెగ నచ్చేది. ఏడాదిలో కొన్నాళ్లు నా తరపున వాయిదా వేసే పని ప్రభుత్వమే చేసిపెట్టేది.

మిగతా నెలలకు సాకులు నేనే చూసుకునేవాణ్ణి. భీమవరం దగ్గర మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. ఈ రొయ్యల పట్టుబడి అయ్యాక అనేవాణ్ణి, అది అయ్యేసరికి మళ్లీ కొత్త రొయ్యపిల్లల సీడ్ వేసేవాళ్లం. అసలు కారణం నా నోరు. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరియేటర్ ఆగిపోయిందంటే గట్టు మీద నేననే మాటలకు మా ఆవిడ చెవులు మూసుకునేది. ఈ నోరు కాస్త బాగుపడ్డాక తీసుకుంటానండి అని పాస్టరు గారికి ఎన్నిసార్లు చెప్పానో. ఆయన నవ్వి ఊరుకునేవారు. మా ఆవిడ ఊరుకునేది కాదు. జ్వరం తగ్గాక ఆసుపత్రికి వెళ్తానన్నట్టుంది మీ వరస అనేది.

మా అమ్మాయి పదో తరగతి అయిన వేసవిలో తను బాప్తిస్మం తీసుకుంటానంది. నాకు సంతోషం వేసింది, సిగ్గూ వేసింది. కూతురు నీళ్లలోకి దిగుతుంటే గట్టున తువ్వాలు పట్టుకుని నిలబడే తండ్రిని నేనేనా అనిపించింది. అందుకని, ఇద్దరం కలిసే తీసుకుందాం తల్లీ అని మాటిచ్చాను. పిచ్చిపిల్ల, నమ్మింది. అప్పటినుంచి రెండేళ్లు, బాప్తిస్మాలు జరిగిన ప్రతిసారీ నా మొహంకేసి చూసేది. నేను పాటల పుస్తకంలో తల దూర్చేవాణ్ణి.

ఈ ఏడాది దాని ఇంటర్ పరీక్షలైపోయాయి. కోచింగుకి విశాఖపట్నం హాస్టల్లో సీటు దొరికింది, సోమవారం ప్రయాణం. శనివారం కాలువ కట్టేశారు. ఉన్న నీళ్లు పోయేలోపు ఆదివారం పొద్దున్నే, పేర్లిచ్చిన ఎనిమిది మందికీ ఇచ్చేస్తామని పాస్టరు గారు కబురు చేశారు. సరిగ్గా అదే పొద్దున మా పట్టుబడి.

ఆ సంగతి అమ్మాయికి ఎలా చెప్పాలా అని సాయంత్రం దాని గది ముందు రెండుసార్లు తచ్చాడాను. అది బట్టలు సర్దుకుంటూనే అంది. "నేను రేపు తీసుకుంటాను నాన్నా. మీ కోసం ఆగి, ఆనక మీ మీద కోపం పెట్టుకోవడం నాకిష్టం లేదు. మీరు వీలైనప్పుడు తీసుకోండి."

కోపంగా అని ఉంటే నేనూ గట్టిగా అరిచేవాణ్ణి. అది మామూలుగా చెప్పి, చొక్కా మడత పెట్టుకుంది.

పొద్దున్నే వలలు దింపారు, ఐసు లారీ వచ్చింది. డ్రైవరు వెనక్కి తీస్తూ గట్టు అంచు విరగ్గొట్టాడు. అందరూ నా తిట్ల కోసం ఎదురుచూశారు. నాకు ఒక్కటీ గుర్తు రాలేదు. అక్కడే నిలబడి ఆలోచించాను. ప్రభువు నన్ను ఇన్నేళ్లలో ఏనాడూ రేపు రమ్మనలేదు, రేపన్నదల్లా నేనే. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా బావమరిది చేతిలో తక్కెడ పెట్టి బండెక్కాను. వెనక వాడు ఏదో అరుస్తూనే ఉన్నాడు.

నేను వెళ్లేసరికి కాలువలో నీళ్లు మోకాళ్లకి దిగిపోయాయి. ఏడుగురు తడిబట్టలతో గట్టు మీద ఉన్నారు. మా అమ్మాయి ఒక్కతే తెల్లబట్టల్లో, తల తడవకుండా, పాస్టరు గారి పక్కన నీళ్లలో నిలబడి ఉంది. నిజానికి మొదట పిలిచింది దాన్నేనట. మీరు ముందు వెళ్లండి ఆంటీ, మీరు వెళ్లండి తాతగారూ అంటూ ఒక్కొక్కరినీ ముందుకి పంపేసిందని మా ఆవిడ చెవిలో చెప్పింది. ఆఖరికి ఎవరూ మిగలక, ఇంకో పాట పాడమని అడిగిందట.

చెప్పులతోనే దిగాను. జేబులో ఫోను ఉందన్న ధ్యాస కూడా లేదు. ఒక చెప్పు బురదలో ఉండిపోయింది.

"అయ్యగారూ, నా నోరు ఇంకా బాగుపడలేదండి" అన్నాను.

"నీళ్లు వెళ్లిపోతున్నాయండి. ముందు మీరు కూర్చోండి" అన్నారాయన.

గట్టు మీద అందరూ గొల్లున నవ్వారు. అమ్మాయి పక్కకి జరిగి నన్ను ముందు వెళ్లమంది. వద్దన్నాను. రెండేళ్లు నిన్ను నా వెనకే నిలబెట్టాను, ఇవాళ నువ్వే ముందు తల్లీ అన్నాను. అది మునిగి లేచింది. తర్వాత నేను. అంత లోతు లేని నీళ్లలో నాలాంటి భారీ మనిషిని ముంచడానికి పాస్టరు గారికి చెమటలు పట్టాయి. నడుం కాలువ అడుక్కి ఆనింది. లేచేసరికి నెత్తి మీద గుర్రపుడెక్క ఆకు, ఒళ్లంతా బురద. జీవితంలో అంత తేలిగ్గా ఎప్పుడూ లేను.

అమ్మాయి తన తువ్వాలుతో నా మొహం తుడుస్తూ ఏదో అంది. చెవుల్లో నీళ్లు, వినపడలేదు. మళ్లీ చెప్పమన్నాను.

"ఆ పాట అయిపోతే నేనొక్కదాన్నే మునిగేసేదాన్ని నాన్నా. మీరొచ్చేసరికి ఆఖరి చరణం పాడుతున్నారు" అంది.