బావి గట్టున ఏడో తలగుడ్డ

ఎండాకాలం వచ్చిందంటే గంగిరెడ్డి కాలు ఒకచోట నిలవదు. నిరుడు ఈతకొచ్చిన మస్తాన్ ఆయన దిగుడుబావిలో దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. తప్పు బావి సొంతదారుది కాదని గ్రామ మునసబు రాసిచ్చినా రెడ్డి మనసు కుదుటపడలేదు. మెట్లకు కంప అడ్డమెయ్యమని పెండ్లాం పోరితే, "ఊరంతా ఎండకు మాడతాంటే నీళ్లకు అడ్డమెట్ల పెడ్తునే?" అంటాడు. అందుకే రోజూ గట్టు చుట్టూ తిరుగుతా, ఈతగాళ్లు విప్పిపెట్టిన తలగుడ్డలనూ నీళ్లలోని తలలనూ లెక్కపెడతాంటాడు.

ఆ పొద్దు గుడ్డలు ఏడు, తలలు ఆరు. "ఒకడు మునిగినాడ్రో!" అని కేకపెట్టి, ఈతరాని మనిషి పంచె ఎగ్గట్టి మెట్లు దిగి నడుము లోతు నీళ్లలోకి పోయినాడు. ఆరుగురూ మునిగి బావి అడుగంతా తడిమినారు. గట్టున కర్ర పక్కన పెట్టుకోని కూర్చున్న మస్తాన్ ఏడో గుడ్డ ఎత్తి చూపించినాడు. "ఇది నీదే గదన్నా! చెమట తుడుచుకోని ఈడ పెడ్తివి."

అందరూ నవ్వినారు. గంగిరెడ్డి గట్టెక్కి, గుడ్డ తలకు చుట్టుకోని, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టినాడు.