నిద్రకు వెళ్లి నూడుల్స్ తిన్నాం

మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, పోయాక మా ఇంటికి ఎంతోమంది వచ్చారు. వెళ్లేటప్పుడు ఒక్కరూ వస్తామని చెప్పలేదు. మా వైపు ఆనవాయితీ అది. చావు జరిగిన ఇంటి నుంచి చెప్పకుండా లేచి వెళ్లిపోవాలి. చెబితే అలాంటి పని మీదే మళ్లీ రావాల్సి వస్తుందని భయం. దినాలు అయ్యాక దగ్గరి చుట్టాలు ఆ ఇంటివాళ్లను తమ ఇంటికి పిలిచి, మాంసం వండి కడుపునిండా పెట్టి, ఒక రాత్రి పడుకోబెట్టి పంపిస్తారు. దాన్ని నిద్ర అంటాం. నిద్రకు వెళ్లినవాళ్లు కూడా తెల్లారి చెప్పకుండానే బయలుదేరాలి.

తొర్రూరులో ఉండే మా అక్క ఒక ఆదివారం, మేం అవ్వ అని పిలిచే అమ్మనూ నన్నూ నిద్రకు పిలిచింది. మా ఊరు పాలకుర్తి దగ్గర. అప్పటికి అవ్వ సరిగా తినడం మానేసింది. కంచం ముందు కూర్చుంటుంది, పచ్చిపులుసు పోసుకుంటుంది, నాలుగు మెతుకులు కలిపి చెయ్యి కడుక్కుంటుంది. జాకెట్లు వదులైపోయాయి. దుఃఖం గురించి నా దగ్గరున్న పుస్తకాలన్నీ మళ్లీ తీసి చూశాను. బాగా రాసినవే. మనిషి చేత ఒక ముద్ద ఎట్లా తినిపించాలో వాటిలో లేదు. అక్క మాత్రం ఫోన్లో ఒకటే మాట అంది. "నా ఇంట్ల అవ్వ కడుపునిండ తినాలె. గంతే. తినకపోతే అది నిద్రే గాదు."

బావ పొద్దున్నే వెళ్లి మటన్ దుకాణం ముందు నిలబడి, మూలుగు బొక్కలూ మెత్తటి కారిజమూ ఏరి కొట్టించుకుని వచ్చాడు. అక్క వాళ్ల అత్త పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఆమెకు అన్ని పద్ధతులూ తెలుసు. అందులో ఒకటేమిటంటే, నిద్ర నాటి కూరలో మొదటి వాటా చనిపోయిన మనిషిది. అది తీసి ఆకులో పెట్టేదాకా వండినవాళ్లు కూడా రుచి చూడకూడదు.

అక్క ఉప్పు వేసి మూత పెట్టి స్నానానికి వెళ్లింది. కోడలు కంగారులో మరిచిపోయి ఉంటుందని అత్త ఉప్పు వేసింది. ఆడవాళ్లిద్దరూ అవ్వ దగ్గర కూర్చున్నారు కదా, కూర సంగతి ఎవరు చూస్తారని బావ వచ్చి, మూత తీసి, ఉప్పు వేసి, కలిపి, ఎవరికీ చెప్పకుండా వెళ్లాడు. రుచి చూసే దారి ఎవరికీ లేదు.

దీపాలు పెట్టే వేళకు బాపు వాటా ఆకులో పెట్టి, దండం పెట్టుకుని, అందరం కూర్చున్నాం. మొదటి ముద్ద బావ తిన్నాడు. నమలడం ఆపాడు. అవ్వ, పిల్లనిచ్చిన అత్త, ఎదుట ఉండగా అల్లుడు ముద్ద ఉమ్మలేడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏంది, కారమా?" అని అక్క అడిగింది.

బావ తల అడ్డంగా ఊపి చెంబెడు నీళ్లు తాగాడు. తర్వాత నేను తిన్నాను. ఆ ఉప్పును వర్ణించే ప్రయత్నం చేయను.

"నేనైతే ఏసిన," అంది అక్క.

"నువ్వు ఏసినవా? మరి చెప్పద్దా? నేను గూడ ఏస్తి గదనే," అంది అత్త.

ఇద్దరూ బావ వైపు చూశారు. ఆయన చెంబులోకి చూస్తున్నాడు.

అక్క ముఖం పాలిపోయింది. అత్త ఆలుగడ్డ ముక్కలు వేద్దామంది, పిండి ముద్ద వేద్దామంది. నాకు అవ్వ వైపు చూడాలంటే భయమైంది. కంచంలో చెయ్యి పెట్టకముందే లేవడానికి ఆమెకు మంచి కారణం దొరికింది. అవ్వ లేవలేదు. మూలనున్న ఆకు వైపు చాలాసేపు చూసింది.

"పాపం ఆయనకు గా కూరే పెట్టినం," అంది. "బీపీ మనిషి."

అత్త మెల్లగా అంది, "ఇంకేం బీపీ, వదినె."

ముందు నవ్వింది అవ్వే. పెదవి బిగించి ఆపుకోబోయింది, అది ముక్కులోంచి వచ్చింది. ఆ తర్వాత అక్క, నేను, గోడకు ఆనుకుని అత్త. బావకు నవ్వొచ్చో లేదో తెలియని ముఖం. అది చూసి మళ్లీ నవ్వాం. చావు ఇంటివాళ్లు ఇట్లా నవ్వితే పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని అక్క లేచి వెళ్లి తలుపు వేసి, తలుపు దగ్గరే కూలబడి నవ్వింది.

నవ్వు తగ్గాక అవ్వ కళ్లు తుడుచుకుని, "ఆయనకు వేరేది పెట్టాలె," అంది. "గా బస్టాండ్ కాడ తినేటోడు గదా. గవి, వానపాములు."

బాపు పత్తి అమ్మడానికో మందుల కోసమో తొర్రూరు వచ్చినప్పుడల్లా బస్టాండు దగ్గరి చైనీస్ బండి మీద ఎగ్ నూడుల్స్ తినేవాడు. ఇంటికొచ్చి అవ్వకు చెప్పేవాడు. ఈసారి నువ్వు కూడా రా అనేవాడు. వానపాములు తినే రోజు వస్తే వస్తా అనేది అవ్వ. ఎన్నో ఏళ్లు అదే మాట, అదే జవాబు.

"నేను పోయి పార్సిల్ తెస్త," అన్నాడు బావ, తప్పు దిద్దుకునే ఆత్రంతో.

"నేను గూడ వస్త. పొయ్యి మీంచి దించంగనే తినాలె అనేటోడు," అంది అవ్వ.

అక్క అడ్డం వచ్చింది. "అవ్వా, నెల మాసికం గూడ గాలె. బస్టాండ్ల నలుగురు చూస్తే ఏమంటరు?"

"గా నలుగురిని పిల్వు. గీ కూర పెడుదం," అంది అవ్వ.

అందరం వెళ్లాం. ఆదివారం కాబట్టి బండి చుట్టూ జనం. పైన బోర్డు మీద నోట్లోంచి మంటలు కక్కే ఎర్రటి చైనా జంతువు బొమ్మ ఉంది. గీసినాయన ఎన్నడూ చూడని జంతువును తెలిసిన జంతువులాగా గీశాడు.

"ఉడుముకు నోరు కాలిందేంది?" అని అత్త అడిగింది.

"మిర్చి తిన్నది కావొచ్చు," అంది అవ్వ.

బండి ఆయన కడాయి ఎగరేస్తుంటే మంట లోపలికి దూకి బయటికి వస్తోంది. ఆయన భార్య క్యాబేజీ సన్నగా తరుగుతూ, ప్లేట్లకు పాలిథిన్ కవర్లు తొడుగుతూ, ఆయనతో తమ ఇంటి భాషలో ఏదో అంది. బావ గొంతు తగ్గించి అవ్వతో, "అత్తా, అది చైనా భాష," అన్నాడు.

"నీ చైనా పాడుగాను. తండోళ్లతోని ఎన్నేండ్లు మిరపకాయ ఏరిన నేను," అని అవ్వ ఆమె వైపు తిరిగి ఆ తండా భాషలోనే పలకరించింది. ఆమె కత్తి ఆపి తలెత్తి చూసింది. ఇద్దరూ ఊళ్లూ పేర్లూ కలుపుకున్నారు. ఘనపూర్ అవతల ఏదో తండా. అక్కడి వాళ్లెవరో అవ్వకు తెలిసినవాళ్లే. కడాయి ఆయన కూడా అటు తిరిగి వింటున్నాడు. మా వెనక నిలబడ్డవాళ్ల ఆర్డర్లు ఆగిపోయాయి.

నూడుల్స్ వచ్చాయి. అక్కడ మళ్లీ పద్ధతి గుర్తొచ్చింది. మొదటి వాటా బాపుది. ఇంటికి తీసుకెళ్లేసరికి చల్లారిపోతాయి. అత్త కాసేపు ఆలోచించి, ఆకు లేకపోతే ఏమైంది, ప్లేటు చాలని తీర్పు చెప్పింది. ఖాళీగా ఉన్న ఒక ప్లాస్టిక్ స్టూలు మీద మొదటి ప్లేటు పెట్టాం. పక్కన ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మకాయ చెక్క. బాపుకు సాస్ ఇష్టమని బావ ఎర్ర సీసా తెచ్చి వంచాడు. అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం.

అంతలో ఖాకీ చొక్కా వేసుకున్న ఒక డ్రైవరన్న వచ్చి ప్లేటు పక్కకు జరిపి స్టూలు లాక్కోబోయాడు.

"అన్నా, ఆగు. మనిషున్నడు," అన్నాడు బావ.

"ఏడి?"

బావ అక్క వైపు చూశాడు. అక్క ఆకాశం వైపు చూసింది.

"చెయ్యి కడుక్కోను పోయిండు," అంది అవ్వ.

డ్రైవరన్న తల ఊపి పక్కకు నిలబడ్డాడు. ఆయన వచ్చేదాకా చూద్దామన్నట్టు అక్కడే ఉన్నాడు. ఇక మా వల్ల కాలేదు. అక్క నా భుజంలో ముఖం దాచుకుంది. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు కడుపు నొప్పి పుట్టింది. నేను అంతగా నవ్వే మనిషిని కాను.

అందరం మా స్టూళ్ల మీద కూర్చున్నాక అవ్వ తన ప్లేటు ఒళ్లో పెట్టుకుంది. ఫోర్కు పక్కన పడేసింది. వేళ్లతో కలిపి ముద్ద చేయబోయింది. అది ముద్ద కాలేదు. ఎటు నొక్కినా జారి బయటికొచ్చింది.

"ముద్ద గాదేంది ఇది?"

"వత్తి చేసినట్టు వేలికి చుట్టు, వదినె," అని అత్త చేసి చూపించింది.

అవ్వ చుట్టింది. నోట్లో పెట్టుకుంది. మేమెవరం తినడం లేదు. మా ప్లేట్లు చేతుల్లోనే ఉన్నాయి. ఆమె నమిలి, మింగి, కాసేపు ఆలోచించింది.

"జర ఉప్పు తక్కువైంది," అంది.

బావ స్టూలు మీంచి లేచి బండి చుట్టూ ఒక తిప్పు తిరిగి వచ్చాడు. ఏమైందో తెలియక బండి ఆయన ఉప్పు డబ్బా పట్టుకొచ్చాడు. దాన్ని చూసి అత్త, "నీకు దండం పెడ్త, జల్ది లోపల పెట్టు," అంది.

అవ్వ తింటూనే ఉంది. చుట్టుకోవడం, పీల్చుకోవడం, గడ్డం తుడుచుకోవడం. బండి ఆమె అడగకుండానే గోబీ మంచూరియా తెచ్చి అవ్వ ప్లేటులో వేసింది. అదీ తింది. ప్లేటు ఖాళీ అయ్యాక స్టూలు మీది బాపు ప్లేటు వైపు చూసింది.

"చల్లారినంక ఆయన ముట్టడు," అని దాన్ని కూడా ఒళ్లోకి తీసుకుంది.

డ్రైవరన్నకు స్టూలు ఇచ్చేశాం. ఆయన కూర్చుంటూ, "రాలేదా ఆయన?" అని అడిగాడు. "తిని పోయిండు," అంది అవ్వ నోరు నిండా నూడుల్స్‌తో. అక్క ఆమెనే చూస్తోంది. నవ్వుతూనే ఏడుస్తోంది, కానీ అది మామూలు ఏడుపే, తుడుచుకుంటే పోయేది.

ఆ రాత్రి అవ్వ గురక పెట్టి పడుకుంది.

తెల్లారి పద్ధతి ప్రకారం అక్క వాళ్ల ఇంట్లోంచి చెప్పకుండా లేచి వచ్చేశాం. అత్త వంటింట్లోనే ఉండిపోయింది, ఎదురు రాలేదు. అక్క బస్సెక్కించడానికి మాతో వచ్చింది, ఆమె కూడా మాట్లాడలేదు. బస్టాండు దగ్గర బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది. దాని పక్కన బండి ఆమె క్యాబేజీల పై ఆకులు ఒలుస్తోంది. పాలకుర్తి బస్సు వచ్చింది. నేను ఎక్కాను. అవ్వ ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"వస్తం బిడ్డా," అని బండి ఆమెకు చెప్పింది.

అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. "అవ్వా, చెప్పద్దు గదనే."

"మీ ఇంట్ల చెప్పలేదు గద," అంది అవ్వ, ఎక్కుతూ. "గిది బండి."