కుంకుడుకాయల ఇనుము

ఆరో తరగతి గుమ్మం దాటనివాణ్ణి కదా, నాకు తెలియని వస్తువు లేదు. చదువుకున్నవాళ్ళు ఆలోచించి తెలీదంటారు, నేను ఆలోచించకుండానే పేరు పెట్టేస్తాను. మొన్న రాయగడలో నా బడ్డీకొట్టు సర్దుతుంటే గోనెసంచి అడుగున జానెడు ఇనుము దొరికింది: ఒక కొసన అడ్డపిడి, రెండో కొసన నాలుగు పలకల బెజ్జం. బీడీలకొచ్చిన మాస్టారు కొళాయి తిప్పేదన్నారు, ఆటో అబ్బాయి జాకీ పిడి అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తుప్పు వాసన, దాని వెనకాల కుంకుడు.

మా ఇంట్లో దాని పని కుంకుడుకాయలు కొట్టడమే. రథయాత్ర ముందు ముసురు వానల్లో, పనసతొనల వాసన ఇల్లంతా కమ్ముకుంటే, నాన్నమ్మ అరుగుమీద కూర్చుని దీనితో కాయలు చితక్కొట్టి, నురగ కళ్ళలో పడి నేనేడుస్తుంటే ఇంకో చెంబు పోసేది. మిగతా రోజుల్లో వేయించిన చింతపిక్కలు పగలగొట్టుకోడానికి నాకు పనికొచ్చేది. రైలుపెట్టెలు కడిగే నాన్న దాన్ని ఇంటికెందుకు తెచ్చేడో ఎవరూ అడగలేదు.

ఆరో తరగతి లెక్కల పరీక్ష రోజున పిక్కలూ ఇనుమూ జేబులో వేసుకుని, స్టేషను పక్క లైనులో ఆగున్న ఖాళీ రైలుపెట్టెలోకి దూరేను. ఫినాయిలు వాసనకీ చెక్కబల్ల చల్లదనానికీ నిద్రపట్టేసింది. లేచేసరికి తలుపులన్నీ బిగించేసి ఉన్నాయి, కిటికీలకి ఊచలు. సాయంత్రం బండికి ఆ పెట్టె తగిలిస్తారని నాకు తెలుసు. కిటికీ కింద నాన్నే బాల్చీతో అటూ ఇటూ తిరుగుతున్నాడు; పిలిస్తే బడి ఎగ్గొట్టినట్టు తెలుస్తుంది, పిలవకపోతే ఏ ఊళ్ళో తేలతానో. ఎటూ పాలుపోక పిక్కలన్నీ ఆ ఇనుముతోనే పగలగొట్టి తినేసేను. ఇంజను కూత దగ్గరయ్యేసరికి ఇంక పరీక్షా లేదు, పరువూ లేదు, నానా అని అరిచేను.

నాన్న తలుపు తీసేడు గాని కొట్టలేదు. నా చేతిలో ఇనుము లాక్కుని, తలుపు లోపలివైపున్న నాలుగు పలకల మొలకి తొడిగి, అటోసారి ఇటోసారి తిప్పి చూపించేడు.

"తాళంసెవి జేబులో ఎట్టుకుని ఏడుస్తావేట్రా?"

ఇప్పుడు నాన్నమ్మా లేదు, ఆ నురగా లేదు. షాంపూ పొట్లాలు నా బడ్డీకి తోరణాల్లా వేలాడుతున్నాయి. ముప్ఫయ్యేళ్ళుగా వాటి మధ్యలోంచే లోకాన్ని చూస్తున్నాను. క్యారేజీ తెచ్చిన కూతురికి ఈ కథంతా చెప్పి, ఆ రోజు నా జేబులో ఉన్నదేమిటో తెలిసుంటే ఈపాటికి నేనెక్కడో ఉండేవాణ్ణమ్మీ అన్నాను.

అది గిన్నెలు సర్దుతూ, తలైనా ఎత్తకుండా అంది:

"ఈ బడ్డీ తలుపు తీసే ఉంది కద నానా. మరెందుకు బయటికి రావు నువ్వు?"