ఒక్కపొద్దు పట్టిన నాగజెముడు

పంతొమ్మిదివందల ముప్పైల చివర, ఒక ఎండాకాలంలో నన్ను పెనుకొండకు వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరుగా వేశారు. శాఖలో అది కింది మెట్టు. కొత్త పంటలను రైతులకు చేసి చూపించడం పని. అప్పటికింకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. హిందూపురంలో ఉండే మా పై అధికారి ముల్లులేని నాగజెముడు మట్టలు గంపెడు పంపి, ఇంట్లో వేరు పట్టించి ధర్మవరం రైతులకు కరువు మేతగా చూపించమన్నాడు. అవి పట్టకపోతే నా ఉద్యోగం ఖాయం కాదన్న సంగతి గంప దించిన బంట్రోతే చెప్పాడు.

పద్ధతి విచిత్రమైనది. కణుపు దగ్గర కోసిన మట్టను, కోత మీద పొర కట్టేదాకా నీడలో ఎండనివ్వాలి. తర్వాత ఇసుక కలిపిన మన్నులో అంచు మాత్రం దిగేట్టు నిలబెట్టాలి. వేరు వచ్చేదాకా నీరు తగిలితే కుళ్లుతుంది.

అలాగే చేశాను. అయినా సగం కుళ్లాయి. ఆ వాసనకు పెనుకొండ కోట మీది కోతులు మా వీధి తప్పించుకుని తిరిగాయంటే మీరు నమ్మరు, నేను చూశాను. మన్నును అనుమానించాను, పందికొక్కులను అనుమానించాను. ఒకనాడు పెందలాడే ఇల్లు చేరితే, ఇంటి యజమానురాలు నరసమ్మవ్వ కుండీల దగ్గర చెంబుతో కనిపించింది. బావులు అడుగంటిన రోజులవి. తాను తాగే నీళ్లే పోస్తోంది.

"నాటినాక నీళ్లు పోయకుంటే ఉసురు తగలదా అప్పా? సదువుకున్నోడివి, చెట్టు కడుపు మాడుస్తాండావు" అంది.

కోత గురించి, కుళ్లు గురించి వివరించాను. అంతా విని మళ్లీ చెంబెత్తింది.

"ఇది ఒక్కపొద్దు ఉండాదవ్వా" అన్నాను. "మా సర్కారు తోటలోనే మొక్కుకునింది."

చెంబు కిందికి దిగింది. మా సీమలో ఉపవాసాన్ని ఒక్కపొద్దు అంటారు. ఒకరి ఒక్కపొద్దు చెడగొట్టే సాహసం ఎవరూ చేయరు. మర్నాడు అవ్వ కుండీల చుట్టూ ముగ్గు వేసింది. ఎప్పుడు విడుస్తుందని మాత్రం రోజూ అడిగేది.

అధికారి తనిఖీకి వచ్చాడు. డెల్టా వరి పొలాల్లో పనిచేసి వచ్చిన మనిషి. ఎండిన మన్ను చూసి ముఖం ముడుచుకుని, నీళ్లు తెమ్మన్నాడు. అవ్వ అడ్డం నిలబడింది.

"ఒక్కపొద్దు ఉండేదాని నోట్లో నీళ్లు పోస్తావా? నీకు పెండ్లాం బిడ్డలు లేరా అప్పా?"

ఆయన నావైపు చూశాడు. నేను కొండవైపు చూశాను. ఆయన వంగి ఒక మట్టను పట్టి లాగాడు. రాలేదు. ఇంకాస్త బలంగా లాగితే కుండీ లేచింది గానీ మట్ట ఊడలేదు. నా ఉద్యోగం ఖాయమైంది.

ధర్మవరంలో రైతులకు కోత సంగతీ చెప్పాను, ఒక్కపొద్దు సంగతీ చెప్పాను. తర్వాత వెళ్లి చూస్తే మొదటిది ఎవరికీ గుర్తులేదు, మొక్కలు బతికాయి. అప్పటినుంచి ఏ పని మానమని చెప్పాల్సి వచ్చినా, ఆ ఇంట్లో అలాంటి పనిని ఇప్పటికే ఎందుకోసం మానుకుంటున్నారో ముందు అడిగి తెలుసుకునేవాణ్ణి.