యాభై పౌన్ల బావమరిది

మా బావకి మనుషులు కనిపించరు, చేతులు కనిపిస్తాయి. గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆయన ముందు ముఖం చూడడు. భుజం దగ్గర మొదలుపెట్టి మధ్యవేలి కొసదాకా చూపు జార్చుకుంటూ పోయి, "నీవి అరవై ఆరున్నర," అంటాడు. కూర్చోమనడం ఆ తర్వాత. వాళ్ల పెళ్లి ఫొటోలో మా అక్క కెమెరా వైపు చూస్తుంటే, ఆయన ఫొటోగ్రాఫరు మోచేతుల వైపు చూస్తున్నాడు. ఆ ఫొటో ఇప్పటికీ హాల్లో వేలాడుతోంది. చూసినవాళ్లంతా పెళ్లికొడుక్కి మెల్లకన్నేమో అనుకుంటారు.

ఒకసారి కరెంటు మీటరు చూసే మనిషి వచ్చి, వెడల్పాటి మూత తియ్యడానికి రెండు చేతులూ బార్లా చాపాడు. అంతే, మా బావ జేబులోంచి టేపు తీసి వెనకనుంచి ఆ చేతుల మీద పరిచేశాడు. ఆ మనిషి మీటరూ చూడలేదు, వెనక్కి తిరిగీ చూడలేదు. మూడు నెలలు ఆ వీధికే రాలేదు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మా బావకి ఎంతో రుణపడిపోయినట్టు మాట్లాడేవాళ్లు.

ఆయన పని విళ్లు చెయ్యడం. ఒకే కర్రని నెలల తరబడి ఎండబెట్టి, చిత్రిక పట్టి తీసే, మనిషంత ఎత్తుండే పాతకాలపు విళ్లు. మా ఊళ్లో విలుకాళ్ల సంఘమని ఒకటుంది. ప్రతి ఆదివారం పొద్దున మూతబడిన మిల్లు వెనక మైదానంలో చేరి గడ్డిమోపులతో పగ తీర్చుకునే నలభై మంది. ఆ నలభై మంది చేతుల్లోనూ ఉన్నది మా బావ చేసిన విల్లే.

ఆయన్ని మేం ఏడిపించడానికి ఇంకో కారణం కూడా ఉండేది. మా బావ తల తాను దువ్వుకోడు. రోజూ పొద్దున్నే ముక్కాలిపీట వేసుకుని బుద్ధిగా కూర్చుంటే, మా అక్క బడికెళ్లే పిల్లాడికి దువ్వినట్టు పాపిడి తీసి దువ్వుతుంది. ఆ సమయానికి వెళ్లడం నాకు మహా సరదా. "బలపం, పలకా సర్దావా అక్కా?" అని అడిగేవాణ్ని. ఆయన నవ్వేవాడు. అక్క మాత్రం దువ్వెన నా వైపు విసిరేది.

విల్లు కావాలని వచ్చినవాడికి అసలు పరీక్ష పొడవు దగ్గర మొదలవుతుంది. రెండు చేతులూ బార్లా చాపించి, ఈ కొస నుంచి ఆ కొసకి కొలిచి, దాన్ని రెండున్నరతో భాగిస్తాడు. వచ్చినన్ని అంగుళాలు ఆ మనిషి నారిని వెనక్కి లాగగలడని లెక్క. విల్లు ఎంత పొడవుండాలో దాన్నిబట్టే. విల్లు పొట్టిదైతే నారి వేళ్లని నొక్కేస్తుంది, కర్ర చిట్లిపోవచ్చు. మరీ పొడుగైతే బాణం బద్ధకంగా బయల్దేరుతుంది. ఈ సంగతి మీద మా బావ ఎవరితోనైనా రెండు గంటలు యుద్ధం చేస్తాడు. అర అంగుళం కూడా వదలడు. ఒకసారి ఊళ్లో పెద్ద కంట్రాక్టరు తనకి ఆరున్నర అడుగుల విల్లు కావాలని పట్టుబట్టి, లేచి వెళ్లిపోయి, సగం దారిలోంచి తిరిగొచ్చి, చివరికి ఐదడుగుల పది అంగుళాలకి ఒప్పుకున్నాడు.

విచిత్రమేమిటంటే, పొడవు దగ్గర అంత మొండిగా ఉండే మనిషి బరువు దగ్గర చప్పున లొంగిపోతాడు. నారిని చెంపదాకా లాగి పట్టుకుంటే చేతిమీద ఎంత భారం పడుతుందో అదీ విల్లు బరువు. దాన్ని పౌన్లలో చెప్తారు. మగవాళ్లు తమ గురించి చెప్పుకునే అంకెలన్నిట్లో అతి ముఖ్యమైనది ఇదే. పొడవు గురించి గొంతు పోయేలా అరిచిన కంట్రాక్టరు చివర్లో "బరువు మాత్రం అరవైకి తగ్గడానికి వీల్లేదు మేస్త్రీ," అన్నాడు. మా బావ, "అరవయ్యా? సరే," అన్నాడు. ఆ ఒక్క గెలుపుతో కంట్రాక్టరు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. మా బావ దాన్ని కూడా కొలిచి ఉంటాడు.

మధ్యలో చిన్న తతంగం ఒకటుంది. గోడకి అంకెల్లేని పాత విళ్లు ఒక డజను వేలాడుతుంటాయి. తేలికదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటే చేతికిచ్చి లాగి పట్టుకోమంటాడు. బాణం లేకుండా వదిలేస్తే విల్లు పగిలిపోతుంది కాబట్టి ఆయన చెప్పేదాకా అలా పట్టుకునే ఉండాలి. అప్పుడు కబుర్లు మొదలుపెడతాడు. పిల్లలెంతమంది, పెద్దమ్మాయి ఏ క్లాసు, అత్తగారి మోకాలి నొప్పి తగ్గిందా. ఇదంతా ఆయన చాదస్తమని మేం నవ్వుకునేవాళ్లం. కంట్రాక్టరు నాలుగో విల్లు పట్టుకుని ఉండగా భార్య పేరు అడిగితే, చెమటలు కక్కుతూ, "మంచి మనిషండీ," అన్నాడట.

ఇక నా సంగతి. నేను ఒక ఆఫీసులో గుమాస్తాని. ఉద్యోగరీత్యా నేనెత్తే అతి పెద్ద బరువు రబ్బరు స్టాంపు. అది కూడా రోజుకి నలభైసార్లు ఎత్తితే సాయంత్రానికి మణికట్టు లాగుతుంది. అలాంటి నేను ముప్పై ఎనిమిదో ఏట బావ దగ్గరికెళ్లి, నిలువెత్తు విల్లొకటి, యాభై పౌన్లది చెయ్యమన్నాను.

బావ నా చేతులు చాపించాడు. అరవై అయిదు అంగుళాలు.

"ఇరవయ్యారు లాగుతావు. నీకు అయిదున్నర అడుగుల విల్లు చాలు," అన్నాడు.

"నర్సమ్మకి కూడా అంతే కదా ఇచ్చావు."

"ఆవిడ చేతులూ నీ చేతులూ ఒక్కటే మరి."

నర్సమ్మంటే ఆస్పత్రిలో పని చేసే సన్నపాటి మనిషి. మా సంఘంలో అంకె అడగకుండా విల్లు చేయించుకున్నది ఆవిడొక్కతే. "నా భుజానికి ఏది సరిపోతే అది ఇవ్వండి అన్నగారూ," అందట. ఆవిడ విల్లు మీద ముప్పై నాలుగని ఉంటుంది. మైదానంలో ఆవిడ కనిపించినప్పుడల్లా, గాలి కాస్త గట్టిగా వీస్తోంది, విల్లు ఎగిరిపోతుందేమో పట్టుకోండి అని నేను జోకులేసేవాణ్ని. ఆవిడ నా వైపు జాలిగా చూసి బాణం సరిగ్గా నడిమధ్యన కొట్టేది.

సరే, గోడమీది విళ్లు పట్టుకున్నాను. మూడోది లాగి పట్టుకుని ఉండగా బావ తీరిగ్గా అడిగాడు, నీకు అక్కాచెల్లెళ్లెంతమందని. ఉన్నారన్నాను. ఎంతమందన్నాడు. తెలీదన్నాను. వంటింట్లోంచి మా అక్క తొంగిచూసి, "ఉన్న ఒక్కదాన్నీ లెక్కలోంచి తీసేశాడు," అంది. బావ విల్లు దింపమని, "యాభయ్యేగా? సరే," అన్నాడు.

రెండు నెలలకి విల్లు వచ్చింది. పిడికి పైన నల్ల సిరాతో ముత్యంలా 50 అని రాసి ఉంది. దాన్ని ఆఫీసులో నా కుర్చీ వెనక గోడకి, అంకె జనం వైపుండేలా వేలాడదీశాను. సంతకం కోసం వచ్చినవాళ్లు అది చూడకపోతే వాళ్ల కాగితం కనిపించడం లేదని మరుసటి రోజు రమ్మనేవాణ్ని. యాభై పౌన్లంటే ఏమిటో మా పై అధికారికి మూడుసార్లు వివరించాను. నాలుగోసారికి ఆయన వేరే మెట్లమీంచి దిగడం మొదలుపెట్టాడు.

ఇలా ఆరేళ్లు గడిచాక మా సంఘానికి ఒక ఆలోచన వచ్చింది. ఈసారి పోటీల్లో బరువు విళ్లకి వేరే పందెం పెట్టాలి, నలభై అయిదు పౌన్లు దాటినవే అందులో ఉండాలి, ఆ రోజు అందరి ముందూ కాటా కట్టి తూచాలి. తూచడానికి ఎవరని చర్చే రాలేదు. సంఘం అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. "మేస్త్రి నోట్లోంచి తప్పుడు కొలత రావడం నా సర్వీసులో చూళ్లేదు," అన్నాడు.

ఆ మాట వినగానే మా బావకి జ్వరమొచ్చింది. అక్క నుదురు పట్టి చూస్తే చల్లగా ఉంది. తర్వాత కాటా చెడిపోయిందన్నాడు. హెడ్మాస్టరు తనే వచ్చి బాగానే ఉందని తేల్చాడు. టేపు కనపడకపోతే తప్ప దేనికీ కంగారుపడని మనిషి పోటీకి ముందు వారమంతా ఎవరి చేతుల వైపూ చూడలేదు. నేను గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాపి చూపించినా పట్టించుకోలేదు. అప్పుడు నాకు నిజంగానే భయమేసింది.

పోటీ రోజు కాగితం, కలం పట్టుకుని కూర్చునే పని నాది. గుమాస్తా పని గుమాస్తాకే ఇస్తారు. బల్ల అవతల స్టాండుకి విల్లు పిడిని ఆనించి, నారికి కాటా కొక్కెం తగిలించి, కప్పీ తాడుతో కిందికి లాగుతాడు బావ. కాటా ముఖం ఎప్పుడూ ఆయన వైపే ఉండాలి, అది ఆయన పాత అలవాటు. ఆయన అంకె చెప్తే నేను రాయాలి. మొదట కంట్రాక్టరు విల్లు వచ్చింది. సరిగ్గా అప్పుడే నా కలం దొర్లి బల్ల కింద పడింది. వంగి తీసుకుని అవతలి వైపు లేచాను. కాటా ముల్లు నా ముక్కుకి జానెడు దూరంలో ఉంది.

ముల్లు ముప్పై ఎనిమిది దగ్గర ఆగి ఉంది.

"అరవై," అన్నాడు బావ గట్టిగా.

నేను ఆయన వైపు చూశాను. ఎరిగిన పదహారేళ్లలో మొదటిసారి ఆయన నా చేతుల్ని కాకుండా నా ముఖాన్ని చూశాడు. చుట్టూ నలభై మంది ఉన్నారు. నేను నోరు తెరిస్తే మా బావ మాట ఊళ్లో ఇక చెల్లదు. ఆయన ఇల్లు గడిచేది ఆ మాట మీదే. "రాయరా," అన్నాడు నెమ్మదిగా. రాశాను. నా ఇరవయ్యేళ్ల నౌకరీలో తెలిసి రాసిన తప్పుడు అంకె అదొక్కటే అనుకుంటూ రాశాను. దాని తర్వాత ఇంకో పదిహేడు రాశాను.

పన్నెండోది నాది. కప్పీ కిర్రుమంది. ముల్లు ముప్పై మూడు దాకా వచ్చి, ఇంకా ముందుకి పోవాలన్న ఆశ ఏమీ లేకుండా నిలబడిపోయింది. "యాభై," అన్నాడు బావ. హెడ్మాస్టరు నా భుజం తట్టాడు.

చిట్టచివర నర్సమ్మ వచ్చింది. తనది తేలిక విళ్ల పందెమే అయినా తూయించుకుంటానంది. ముల్లు ముప్పై నాలుగు చూపించింది. "ముప్పై నాలుగు," అన్నాడు బావ. ఆ రోజు నేను విన్న ఒకే ఒక్క నిజం అది. ఆరేళ్లుగా గాలికి ఎగిరిపోతుందని నేను వెక్కిరించిన విల్లు నా విల్లు కంటే ఒక పౌను ఎక్కువ. ఆవిడ నా విల్లు మీది అంకె చూసి, "భుజం జాగ్రత్తండీ," అంది. సిగ్గుతో నాకు తల బల్ల కిందే వదిలేసి వచ్చి ఉంటే బాగుండుననిపించింది.

పోటీ మాత్రం న్యాయంగానే జరిగింది. బరువు విళ్ల వాళ్లమంతా సమానంగా మోసపోయాం కాబట్టి ఎవరికీ అన్యాయం జరగలేదు. కంట్రాక్టరు గెలిచాడు. నాకు పదిహేడో స్థానం వచ్చింది. ఆరోగ్యం బాగాలేక ఒకాయన మధ్యలో వెళ్లిపోయాడు, లేకపోతే పద్దెనిమిది. నర్సమ్మ తన పందెంలో తెచ్చుకున్న పాయింట్లు కంట్రాక్టరు కంటే ఎక్కువ.

మర్నాడు పొద్దున్నే బావ ఇంటికి వెళ్లాను. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు, అక్క పాపిడి తీస్తోంది.

"ముప్పై మూడు బావా," అన్నాను.

"మూడోది పట్టుకుని మీ అక్కనే మర్చిపోయావంటే, అది నీ చేతికి బరువన్నమాట. రెండోదాని బరువుతో నీది చేశాను," అన్నాడు, తల కదపకుండా.

"మరి యాభై ఎందుకు రాశావు?"

"ముప్పై మూడని రాస్తే నువ్వు తీసుకునేవాడివా? ఇంకో ఊరెళ్లి నిజంగానే యాభైది కొనుక్కునేవాడివి."

కొనేవాణ్నే. తెచ్చి గోడకి కూడా వేలాడదీసేవాణ్ని, భుజానికి కట్టు కట్టించుకుని.

"కొంటే ఏమయ్యేది?" అన్నాను, మాటకి మాట ఉండాలని.

అక్క దువ్వెన ఆపింది. "నీకు కూడా ఎవరో ఒకరు తల దువ్వాల్సొచ్చేది," అంది.

అప్పుడు చెప్పింది. పెళ్లికి ముందు ఈయన మా వీధి చివర ఖాళీ స్థలంలో డెబ్బై పౌన్ల విల్లు లాగాడట. ఎవరో లాగి చూడమన్నారట, ఈయన లాగాడట, కుడి భుజంలో ఏదో పటుక్కుమందట. ఆ రోజునుంచి ఆ చెయ్యి చెవిని దాటి పైకి లేవలేదు. ఎడంచేత్తో దువ్వబోతే పాపిడి చెవిదాకా వంకరపోతుందట. పదహారేళ్లుగా నేను బలపం, పలకా అని నవ్వుతున్నది ఆ చేతిని చూసి. ఆయన చిరాకు పడినా బాగుండేది.

"అసలెందుకు లాగావు బావా?"

"మీ అక్క చూస్తోందని."

"నేనెక్కడ చూశాను," అంది అక్క. "మేడమీద బట్టలు ఆరేస్తున్నా. నా వీపు అటుంది."

మా బావ ముఖం చూడాల్సిందే. ఇన్నేళ్లుగా ఆ సంగతి ఆయనకి తెలిసినట్టు లేదు. మెల్లగా టేపు తీసి, ఎందుకో తన చేతినే కొలుచుకున్నాడు.

నేను వెంట తెచ్చిన విల్లు ఆయన ఒళ్లో పెట్టాను. ఈ యాభై చెరిపేసి ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. నిజంగానా అని అడిగాడు. నిజంగానే అన్నాను, నా జీవితంలోకెల్లా గొప్ప మాట అంటున్నట్టు నిటారుగా నిలబడి. ఆయన గరుకు కాగితంతో పాత అంకె రుద్దేసి, సిరా తెచ్చి, ఎడంచేత్తో కుడి మోచెయ్యి పట్టుకుని మెల్లగా రాసి, ఊది, నా చేతికిచ్చాడు. అంకె చూశాను. 35 అని ఉంది.

"బావా, ముప్పై మూడు కదా."

"నర్సమ్మది ముప్పై నాలుగు కదరా," అన్నాడు.

ఆ విల్లు ఇప్పుడు కూడా నా కుర్చీ వెనకే ఉంది. ఆ అంకెని నేను దిద్దించలేదు.