ఇరవై నాలుగు రెట్ల జింక

రూబెన్ కంగాస్ ముప్పై ఒక్క సంవత్సరాలు రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపాడు. ఆ ముప్పై ఒక్క సంవత్సరాల్లో సుపీరియర్ సరస్సు దక్షిణపు ఒడ్డున, హెరాన్ క్రీక్ చుట్టుపక్కల, ఇళ్ళ ముందు రోడ్డు పక్కన పాతిన పోస్టు డబ్బాల్లో అతను పడగొట్టనిది లేదు. మంచు కరిగాక పార పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, పడగొట్టిన ప్రతి డబ్బానీ తన చేతులతో తిరిగి పాతి, ఆ ఇంటివాళ్ళిచ్చిన కాఫీ తాగి వచ్చేవాడు. అందువల్ల ఊళ్ళో అతనికి శత్రువంటూ లేడు.

ఏదైనా ఎంచుకోవలసి వస్తే మాత్రం రూబెన్ చేతులూ కాళ్ళూ ఆడేవి కావు. బూట్లు కొనడానికి రెండు శీతాకాలాలు ఆలోచించాడు. మార్లిస్‌ని పెళ్ళి గురించి అడగడానికి ఏడేళ్ళు పట్టింది. అడిగిన పూట ఆవిడ రొట్టెకి పిండి పిసుకుతోంది. "అబ్బ, ఇప్పటికి పెగిలిందా నోరు! చూసీ చూసీ నిరుడే నేనే కొనుక్కున్నా" అంటూ పిండిలోంచి చెయ్యి తీసి వేలికున్న ఉంగరం చూపించింది.

అలాంటి మనిషికి అరవై మూడో ఏట తుపాకీ మీద బిగించే దుర్భిణి, అంటే స్కోపు, కొనాల్సిన అవసరం వచ్చిపడింది.

దానికి కారణం ఒక మోడు. అంతకుముందు ఏడాది వేటలో, తండ్రి వదిలివెళ్ళిన తుపాకీ ఎత్తి, గొట్టం చివరి ఇనప గింజ మీదుగా జాగ్రత్తగా గురిచూసి, రూబెన్ ఒక జింకని కొట్టాడు. అది కదల్లేదు. ఇంకోటి కొట్టాడు. అయినా కదల్లేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే దేవదారు మోడు. రెండు గుండ్లూ సరిగ్గా గుండె ఉండాల్సిన చోటే దిగాయి. ఆ గురి గురించి రూబెన్ లోలోపల కాస్త గర్వపడ్డాడు కూడా. కాని అతని బావమరిది లైల్ ఆ మోడుకి, చంపిన జింకకి కట్టే వేట చీటీ కట్టి, పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, ఊరంతా చూపించాడు.

"కళ్ళకేం కాలేదు, వయసొచ్చింది. దుర్భిణి ఏదన్నా పెట్టుకో" అన్నాడు కళ్ళ డాక్టరు.

సెప్టెంబరు మొదటి వారంలో రూబెన్ బెర్నీస్ కొట్టుకి వెళ్ళాడు. ఆ కొట్లో వానపాములూ, పొయ్యి గొట్టాలూ, తూటాలూ, పెళ్ళి శుభాకాంక్షల కార్డులూ అన్నీ దొరుకుతాయి. బెర్నీస్‌కి డెబ్బై దాటాయి. ఇప్పటికీ ఏటా జింకని కొట్టి, తనే ఈడ్చుకొస్తుంది. ఆవిడ అద్దాల బీరువా తెరిచి ఒక పొట్టి స్కోపు తీసి బల్ల మీద పెట్టింది.

"నాలుగు రెట్లు పెద్దగా చూపిస్తుంది. తిప్పడాలూ గిప్పడాలూ ఏం లేవు. మీ అడవి దట్టం, అక్కడ జింక నలభై అడుగుల్లో ఉంటేగాని కనబడదు. ఇది చాలు. తీసుకో, పో."

అంత త్వరగా తేలిపోవడం రూబెన్‌కి నచ్చలేదు. "మిగతావి కూడా ఒకసారి..." అన్నాడు.

ఆ ఒకసారి ఏడు వారాలు సాగింది. ప్రతి మంగళవారం వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, ఒక్కొక్క స్కోపునీ కంటికి ఆనించి ఎదురుగా ఉన్న చర్చి బోర్డు చదివేవాడు. ఆరు రెట్లలో ఆదివారం పాట నంబరు కనబడింది. తొమ్మిది రెట్లలో బుధవారం కాఫీ ఎన్నింటికో తెలిసింది. ఇరవై నాలుగు రెట్లలో, ఎవరూ చూడని అడుగు వరుసలో అక్షరదోషం దొరికింది. వెంటనే రోడ్డు దాటి వెళ్ళి పాస్టరుకి చెప్పి వచ్చాడు.

"రూబెన్, నువ్వు జింకని కొట్టాలా, చదవాలా?" అని అడిగింది బెర్నీస్.

అసలైన పొరపాటు అక్టోబరు చివర్లో జరిగింది. లైల్ పన్నెండు రెట్ల స్కోపు బిగించిన తుపాకీ పట్టుకుని భోజనానికి వచ్చాడు. "చూశావా బావా! దీంట్లోంచి చూస్తే జింకపోతు నిన్న ఏం తిందో కూడా తెలిసిపోతుంది" అన్నాడు. రూబెన్ బంగాళాదుంప ముక్కని చాలాసేపు నమిలాడు. మర్నాడు బుధవారమైనా సరే కొట్టుకి వెళ్ళి, ఇరవై నాలుగు రెట్లది కొనేశాడు. జీవితంలో అతను ఆలోచించకుండా కొన్న వస్తువు అదొక్కటే.

బెర్నీస్ డబ్బాలో పెట్టి ఇస్తూ, "కంటికి నాలుగు వేళ్ళ ఎడం ఉంచు. తుపాకీ వెనక్కి తంతుంది" అని చెప్పింది.

రూబెన్ తల ఊపాడు. కాని కంకర గుంటలో గురి సరిచూసుకునేటప్పుడు, ఇంత డబ్బు పెట్టి కొన్నాక దూరం నుంచి చూడడమేమిటనిపించి, కన్ను దగ్గరగా జరిపాడు. తుపాకీ పేలింది. స్కోపు అంచు వచ్చి కనుబొమ్మ మీద అర్ధచంద్రాకారంలో ముద్ర వేసింది. పక్కనే ఉన్న లైల్ నవ్వీ నవ్వీ మంచులో కూలబడ్డాడు. లేవడానికి చెయ్యందించమని అడగడానికి కూడా అతనికి ఊపిరి ఆడలేదు.

మార్లిస్ గాయం కడిగి పట్టీ వేసింది. "కంటిచూపు పెంచుకోవయ్యా అంటే కనుబొమ్మ తగ్గించుకొచ్చావు" అంది. తర్వాత మెల్లగా, "నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"లేదు."

"అయితే ఇంకాస్త గట్టిగా నొక్కుతా, ఉండు."

నవంబరు పదిహేను, వేట మొదటిరోజు. ఆ రోజు బడికి సెలవు, పాలడిపో మూత. రూబెన్ తెల్లవారకముందే తన మాటుగదికి చేరాడు. చెక్కలతో, పాత వంటింటి తలుపుతో అతనే కట్టుకున్న గది అది. మూడు పక్కలా దట్టమైన అడవి, ఎదురుగా మాత్రం గడ్డిమైదానం, దానికి అవతలి అంచున మూడు వందల గజాల దూరంలో లైల్ మాటుగది. చెవులు కప్పే నారింజ రంగు టోపీ పెట్టుకుని, కాఫీ పోసుకుని, మార్లిస్ మాంసం, దుంపలు పిండిలో చుట్టి కాల్చి కట్టిచ్చిన పాస్టీ చల్లారకుండా చొక్కా లోపల పెట్టుకుని కూర్చున్నాడు. పొట్ట మీద ఆ వెచ్చదనం హాయిగా ఉంది.

ఎనిమిదిన్నరకి మంచు కరకరలాడింది. ఎడమవైపు దేవదారుల్లోంచి ఒక జింకపోతు బయటికొచ్చింది. ఎనిమిది కొనల కొమ్ములు, ఎద్దు మెడ. పదిహేను అడుగుల దూరంలో ఆగి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు నిలబడింది.

రూబెన్ ఊపిరి బిగబట్టి తుపాకీ ఎత్తి స్కోపులోకి చూశాడు. జుట్టు. గోధుమరంగు జుట్టు, పోగు పోగు వేరుగా. కాస్త కుడికి జరిపాడు. మళ్ళీ జుట్టే. ఇంకా జరిపితే జుట్టులో ఇరుక్కున్న ఒక ముల్లుకాయ. ఇది భుజమా, తొడా? పైకి వెళ్ళాడు. కొండంత నల్లటి కన్నొకటి, తాటిపట్టెల్లాంటి వెంట్రుకలతో, అతన్ని చూసి రెప్ప వేసింది. రూబెన్ ఉలిక్కిపడ్డాడు. కిందికి దిగి గుండె వెతకబోయి దారి తప్పి మంచులో తేలాడు. స్కోపుని ఆరు రెట్లకి తగ్గించే చక్రం తిప్పబోతే చలికి అది బిగుసుకుపోయింది.

"ముందెటు, వెనకెటు నీకు?" అని అప్రయత్నంగా పైకే అనేశాడు.

పోతు పెద్ద తొందరేమీ లేనట్టు మైదానం దాటి నడిచిపోయింది.

రూబెన్‌కి ఒళ్ళు మండింది. జేబులోంచి పావు డాలరు బిళ్ళ తీసి, మరలు వదులు చేసి, స్కోపుని ఊడబెరికాడు. పాత ఇనప గింజతోనే కొడతాననుకున్నాడు. కాని ఈలోగా పోతు నేరుగా లైల్ గది వైపు వెళ్తోంది. అటు తుపాకీ ఎత్తే ప్రశ్నే లేదు. ఉత్త స్కోపునే కంటికి పెట్టుకుని, ఇక లైల్ పేలుస్తాడు, ఇదిగో పేలుస్తాడు అనుకుంటూ దిగులుగా చూశాడు.

ఇంత దూరానికి ఆ స్కోపు అద్భుతంగా పనిచేసింది. లైల్ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కింది దవడలో బంగారు పన్ను కూడా కనబడింది. కిటికీ చెక్క మీద సగం విప్పిన పాస్టీ ఉంది. పోతు వచ్చి ఆగింది. లైల్‌ని చూసింది. మెడ చాపి, పాస్టీని కాగితంతో సహా కిందికి లాగి, ముందు అంచు తిని, తర్వాత దుంపలు ఏరుకుని తిని, మాంసం ముక్కల్ని మంచు మీద మర్యాదగా వదిలేసింది. పోయే ముందు కిటికీలో తల పెట్టి లైల్ టోపీ వాసన చూసింది. లైల్ నిద్రలోనే ఏదో నవ్వుకున్నాడు.

రూబెన్ నవ్వుకి మాటుగది ఊగింది. కాఫీ ఒలికింది. స్కోపు చేజారిపోతే మోకాళ్ళ మధ్య పట్టుకున్నాడు.

సాయంత్రం రూబెన్ ఇంట్లో, ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో వేడిరాళ్ళ మీద నీళ్ళు చల్లుతూ లైల్ నిట్టూర్చాడు. "పొద్దుట్నుంచి కన్నార్పకుండా కూచున్నా బావా. తోక ముక్క కూడా కనబడలేదు. దానికి తోడు నా పాస్టీ ఉడుత ఎత్తుకుపోయింది."

"ఎంత ఉందేంటి ఉడుత?"

"ఉడుత ఉడుతంతే ఉంటుంది. ఎందుకు?"

"ఏం లేదు. కొమ్ములకి ఎన్ని కొనలున్నాయో లెక్కపెట్టావేమోనని."

రూబెన్ మొదలుపెట్టి, కాగితం సంగతీ, దుంపల సంగతీ, బంగారు పన్ను సంగతీ ఒక్కటీ వదలకుండా చెప్పాడు. మొదట లైల్ అబద్ధమన్నాడు. టోపీ సంగతి వచ్చేసరికి లేచి, తువ్వాలు చుట్టుకుని బయటికెళ్ళి, టోపీ తెచ్చి దీపం దగ్గర పెట్టి చూసుకున్నాడు. దాని అంచుకి బంగాళాదుంప అంటుకుని ఉంది.

"మార్లిస్‌కి చెప్పకు" అన్నాడు నీరసంగా.

"చెప్పను" అన్నాడు రూబెన్. అప్పటికే చెప్పేశాడు. వంటింట్లోంచి మార్లిస్ నవ్వు గోడలు దాటి వినిపిస్తూనే ఉంది.

సోమవారం రూబెన్ బెర్నీస్ కొట్టు తెరవకముందే తుపాకీ పట్టుకెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. ఆవిడ కొట్టు తెరిచి పొట్టి స్కోపు తీసిచ్చి, పెద్దదాన్ని వెనక్కి తీసుకుని, మరలు తనే బిగించింది. శుక్రవారం మధ్యాహ్నం, నలభై అడుగుల్లో, తలా తోకా ఒకేసారి కనబడేలా ఒక చిన్న పోతు నిలబడింది. రెండే కొనలు. రూబెన్ నాలుగు వేళ్ళ ఎడం కొలిచి మరీ కొట్టాడు.

ఈడ్చుకురావడానికి లైల్ తాడు తెచ్చాడు. జింక చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మరీ చిన్నది కదా బావా" అన్నాడు.

"చిన్నదే" అని ఒప్పుకున్నాడు రూబెన్. "నువ్వు ఆ కొస పట్టుకో."

ఇద్దరూ మంచులో ఆగుతూ, ఆయాసపడుతూ ఇంటికి లాక్కొచ్చారు. ఆ పూట మార్లిస్ ఉల్లిపాయలు బాగా దట్టించి జింక కార్జం వేపింది. లైల్ మూడుసార్లు వడ్డించుకున్నాడు.